బంగారు నానోకణాలు వేశాక క్వాంటం వెల్ వెలుగు తగ్గింది, లైఫ్‌టైమూ తగ్గింది. సక్సెస్సా, ఫెయిల్యూరా?

నీలి_ఎల్ఈడీ
మా దగ్గర ఇండియం గాలియం నైట్రైడ్ సింగిల్ క్వాంటం వెల్ (ఎలక్ట్రాన్లను బంధించి వెలుగిచ్చే పలుచని పొర) ఉంది, 460 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది. దాని మీద 10 నానోమీటర్ల గాలియం నైట్రైడ్ క్యాప్. ఆ క్యాప్ మీద పలుచగా బంగారం స్పటర్ చేసి (ప్లాస్మాతో కొట్టి పూత వేసి), వేడి చేసి చిన్న చిన్న దీవులుగా విడగొట్టాం. ప్లాస్మాన్లు (మెటల్‌లో ఎలక్ట్రాన్లు కలిసికట్టుగా ఊగడం) వెలుగు పెంచుతాయని చదివీ చదివీ ఈ పనికి దిగాం. తీరా కొలిస్తే, బంగారం లేని ముక్కతో పోల్చితే పీఎల్ (లేజర్ కొడితే వెల్ ఇచ్చే వెలుగు) మూడో వంతుకు పడిపోయింది. పంప్ (వెల్‌కు శక్తినిచ్చే వెలుగు) 405 నానోమీటర్ల లేజర్. పైనుంచే కొట్టి, పైనుంచే వెలుగు పట్టాం.

లైఫ్‌టైమ్ (పంప్ ఆగాక వెలుగు ఆరడానికి పట్టే సమయం) మాత్రం బాగా తగ్గింది. మా సీనియర్ "లైఫ్‌టైమ్ తగ్గిందంటే పర్సెల్ ఎఫెక్ట్ వచ్చేసినట్టే, పేపర్ మొదలుపెట్టు" అంటున్నాడు. పర్సెల్ ఎఫెక్ట్ అంటే చుట్టూ ఉన్న మెటలో క్యావిటీయో వెలుగు వదిలే వేగాన్ని పెంచడం. వెలుగు తగ్గిన శాంపిల్ పెట్టుకుని "వెలుగు పెంచాం" అని రాయడానికి నాకు చేయి రావట్లేదు. ఎవరికైనా ఇలా అయిందా?

వెండిపూత
460 దగ్గర బంగారమా! 520 కంటే తక్కువ వేవ్‌లెంగ్త్‌లో బంగారం ప్లాస్మాన్లకు పనికిరాదు. లోపలి బ్యాండ్ నుంచి ఎలక్ట్రాన్లు పైకి లేచి వెలుగునంతా మింగేస్తాయి. దానికి ఆ పసుపు రంగు వచ్చిందే అందువల్ల. నీలానికి వెండి వేయాలి, అల్ట్రావయొలెట్‌కు వెళ్తే అల్యూమినియం.

నీలి_ఎల్ఈడీ
ల్యాబ్‌లో ఉన్న టార్గెట్ బంగారందే మరి.

లిఫ్టాఫ్_లక్ష్మి
చరిత్రలో సగం ప్రయోగాలు అలాగే జరిగాయి. ఏం చేయాలన్నది టార్గెటే తేలుస్తుంది 😄

తొలిఫోటాన్
వెండిపూత చెప్పిన దానికి సాక్ష్యం కూడా ఉంది. 2004లో ఒకమోటో బృందం నేచర్ మెటీరియల్స్‌లో వేసిన పని చూడండి. సరిగ్గా మీ శాంపిలే అనుకోండి. నీలం క్వాంటం వెల్, 10 నానోమీటర్ల గాలియం నైట్రైడ్ స్పేసర్ (మెటల్‌ను దూరంగా ఉంచే పొర). వెండి వేస్తే పీఎల్ పీక్ 14 రెట్లు, అల్యూమినియం వేస్తే 8 రెట్లు పెరిగింది. బంగారం వేస్తే పెద్దగా ఏమీ పెరగలేదు. అసలు విషయం ఇంకొకటి: వాళ్లు పంప్ చేసిందీ, వెలుగు పట్టిందీ వెనక వైపు నుంచి, సబ్‌స్ట్రేట్ గుండా. మెటల్ అటు పక్కన ఉంటుంది, దారికి అడ్డం రాదు. మీరేమో పైనుంచి కొట్టారు.

సిమ్యులేషన్_సింగం
ఇది క్లాసిక్ క్వెంచింగ్. ఇంకేం చూడక్కర్లేదు. మెటల్ దగ్గరికి వస్తే ఎక్సైటాన్ (ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ అయిన హోల్ కలిసిన జంట) శక్తి వేడిగా పోతుంది. నా ఎఫ్‌డీటీడీలో (వెలుగు తరంగాల కంప్యూటర్ సిమ్యులేషన్) ఇలాంటి జామెట్రీకి పర్సెల్ ఫ్యాక్టర్, అంటే ఎన్ని రెట్లు వేగమన్నది, పెద్దగానే వస్తుంది, కానీ అందులో ఎక్కువ భాగం బయటికి రాదు.

లిఫ్టాఫ్_లక్ష్మి
@సిమ్యులేషన్_సింగం అంత ధీమా వద్దు అన్నా. మూడో వంతుకు పడటానికి కనీసం మూడు దారులున్నాయి. ఒకటి మీరు చెప్పిన క్వెంచింగ్. రెండోది ఉత్త నీడ: బంగారం దీవులు 405 పంప్‌నే మింగేస్తాయి, వెల్‌కు చేరేదే తక్కువ, పైకి వచ్చే 460 వెలుగులోనూ కొంత మింగుతాయి. మూడోది ఎవరూ రాయనిది: స్పటరింగ్ డ్యామేజ్. ప్లాస్మాలోంచి వచ్చే అణువులు గట్టిగానే తగులుతాయి. 10 నానోమీటర్ల కింద ఉన్న వెల్‌కు దెబ్బ తగలదని గ్యారంటీ ఏముంది? డిఫెక్ట్‌లు పుడితే నాన్‌రేడియేటివ్ రేటు (వెలుగివ్వకుండా శక్తి పోయే వేగం) పెరుగుతుంది. అప్పుడు కూడా పీఎల్ తగ్గుతుంది, లైఫ్‌టైమూ తగ్గుతుంది. ప్లాస్మాన్‌తో సంబంధమే ఉండదు.

తేల్చుకోవడం తేలికే. అయొడిన్-పొటాషియం అయొడైడ్ ద్రావణంలో బంగారం కరిగించెయ్. అది గాలియం నైట్రైడ్ జోలికి పోదు. కడిగి, ఆరబెట్టి, అదే చోట మళ్లీ పీఎల్ తీయి. వెలుగు తిరిగొస్తే వెల్ క్షేమం. రాకపోతే నువ్వు ఇన్నాళ్లూ కొలిచింది స్పటరింగ్ డ్యామేజ్‌ని.

తొలిఫోటాన్
ఈ టెస్ట్ రివ్యూయర్లు అడగరు కానీ, అడగాల్సింది.

రేటు_సమీకరణం
మీ సీనియర్ మాటకు వద్దాం. లైఫ్‌టైమ్ తగ్గగానే పర్సెల్ అనేస్తే ఎలా, ఇల్లు అలకగానే పండగ కాదు. చిన్న లెక్క వేసి చూపిస్తాను. అంకెలు నేను అనుకున్నవే, మీ శాంపిల్‌వి కావు.

మెటల్ లేనప్పుడు లైఫ్‌టైమ్ 5 నానోసెకన్లు, క్వాంటం యీల్డ్ (మొత్తంలో వెలుగుగా మారే వాటా) 20 శాతం అనుకోండి. అంటే మొత్తం రేటు నానోసెకనుకు 0.2. అందులో వెలుగుగా వచ్చేది 0.04, డిఫెక్ట్‌ల దగ్గర పోయేది 0.16. ఇప్పుడు మెటల్ వేశాక లైఫ్‌టైమ్ 1 నానోసెకనుకు వచ్చింది. మొత్తం రేటు 1. కొత్తగా చేరిన 0.8 అంతా ప్లాస్మాన్‌లోకి పోయిందనుకుందాం. ఇక్కడిదాకా మీ సీనియర్ కరెక్టే, అయిదు రెట్లు వేగం.

కానీ ప్లాస్మాన్‌లోకి పోయింది వెలుగుగా బయటపడాలి కదా. పదో వంతే బయటపడితే వెలుగు రేటు 0.04 + 0.08 = 0.12. క్వాంటం యీల్డ్ 12 శాతం, అంటే 20 నుంచి 12కి పడింది. సగం బయటపడితే 0.44, క్వాంటం యీల్డ్ 44 శాతం, రెట్టింపు దాటింది. రెండు చోట్లా లైఫ్‌టైమ్ ఒకటే! ఒక శాంపిల్ మెరుస్తుంది, ఇంకోటి మసకబారుతుంది, లైఫ్‌టైమ్ గ్రాఫ్ మాత్రం రెండింటికీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటుంది. కాబట్టి లైఫ్‌టైమ్, మొత్తం పీఎల్ రెండూ పక్కపక్కన పెట్టాల్సిందే.

కొత్త_పీహెచ్‌డీ
ఇన్నాళ్లూ లైఫ్‌టైమ్ తగ్గితే చాలు అనుకున్నాను. నీళ్ల తొట్టికి ఇంకో తూము పెట్టినట్టన్నమాట. తొట్టి త్వరగా ఖాళీ అవుతుంది, కానీ ఆ నీళ్లు పొలానికి పోయాయా, మురుగులోకి పోయాయా అన్నది తూము చూస్తే తెలియదు.

రేటు_సమీకరణం
అంతే. అంత కంటే బాగా నేను చెప్పలేను.

ఆప్టిక్స్_తాతయ్య
పిల్లలూ, ఇందులో కొత్తేం లేదు. పర్సెల్ 1946లో రాసింది చిన్న సారాంశం, పేజీలో ఓ మూలకు వచ్చేంత. అది వెలుగు గురించి కూడా కాదు, అయస్కాంత క్షేత్రంలో ఉన్న న్యూక్లియర్ స్పిన్ల గురించి. కోటి హెర్ట్జ్ దగ్గర స్పిన్ తనంతట తాను శక్తి వదలాలంటే విశ్వం వయసు కూడా చాలదు. కానీ ఆ పదార్థంలో సెంటీమీటరులో వెయ్యో వంతు సైజు మెటల్ కణాలు కలిపితే ఆ పని నిమిషాల్లో అవుతుందని ఆయన లెక్క. చూశారా, మెటల్ కణాలు కలిపి ఎమిషన్ వేగం పెంచడమన్న ఆలోచన మొదటి రోజునే ఉంది.

తర్వాత డ్రెక్సేజ్, 1970 ప్రాంతంలో. వెండి అద్దం మీద ఫ్యాటీ ఆసిడ్ పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆపైన వెలుగిచ్చే యూరోపియం కాంప్లెక్స్ పొర పెట్టాడు. పొరల సంఖ్య మారిస్తే దూరం మారుతుంది. దూరంతో లైఫ్‌టైమ్ పైకీ కిందికీ ఊగింది. అద్దం నుంచి తిరిగొచ్చే తరంగం ఒకసారి ఎమిటర్‌కు సాయం చేస్తుంది, ఒకసారి అడ్డుపడుతుంది. మరీ దగ్గరికి తెస్తే మాత్రం ఊగడం లేదు, లైఫ్‌టైమ్ ఒక్కసారిగా పాతాళానికి పోయింది. మీ క్వెంచింగ్ అదే.

సిమ్యులేషన్_సింగం
తాతయ్య గారూ, అద్దం కథ వేరు, దీవుల కథ వేరు. నున్నటి మెటల్ మీద పుట్టిన ప్లాస్మాన్ మొమెంటం వెలుగు మొమెంటం కంటే ఎక్కువ. అది బయటికి రాలేదు, అక్కడే పాకి పాకి వేడైపోతుంది. గరుకుదనమో, గ్రేటింగో, విడి కణాలో ఉంటేనే ఆ మొమెంటం తేడా పూడుతుంది.

ఆప్టిక్స్_తాతయ్య
వేరు కాదని నేనెప్పుడన్నాను? దూరం సంగతి మాత్రం రెండింటికీ ఉమ్మడి.

వెండిపూత
దూరం అంటే ఎంత అని ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉంటారు. నేను పాటించేది: 5 నానోమీటర్ల లోపు వెళ్తే వెలగని మోడ్‌లు శక్తిని లాగేస్తాయి. 10 ప్రాంతం బాగుంటుంది. కొన్ని పదులు దాటితే ప్లాస్మాన్ ఫీల్డ్ చేతికి అందదు. ఆంగర్, భరద్వాజ్, నొవొట్నీ 2006లో 80 నానోమీటర్ల బంగారు గోళాన్ని ఒక్క అణువు దగ్గరికి మెల్లగా తెస్తూ కొలిచారు. దగ్గరవుతున్నకొద్దీ వెలుగు పెరిగి, ఒక చోట పీక్ తాకి, ఇంకా దగ్గరైతే పడిపోయింది. ఒకే గ్రాఫ్‌లో పెంచడం, ఆర్పడం రెండూ కనిపిస్తాయి.

ఒంటిపొర
మాలిబ్డినం డైసల్ఫైడ్ (ఒక్క పొర మందంలోనే వెలిగే పదార్థం) వాళ్లం మేం. స్పేసర్‌గా హెక్సాగోనల్ బోరాన్ నైట్రైడ్ వాడతాం. ఒక్కో పొర మూడో వంతు నానోమీటరు, పొరలు లెక్కపెట్టి దూరం పెట్టుకోవచ్చు. స్పేసర్‌గా అల్యూమినా వేసేవాళ్లకు ఈ భోగం లేదు.

లిఫ్టాఫ్_లక్ష్మి
ఆ ఒక్క పొరను విరగకుండా, ముడత పడకుండా, బుడగ లేకుండా దించేటప్పుడు మీ ముఖాలు కూడా చూశాంలే.

ఒంటిపొర
😂 అది నిజమే.

కానీ మా దగ్గర ఇంకో తలనొప్పి ఉంది. ఒంటిపొరలో ఎక్సైటాన్ డైపోల్ పొరతో పాటు పడుకుని ఉంటుంది. అద్దం మీద నానోక్యూబ్ (చిన్న మెటల్ ఘనం) పెడితే, సందులో ఫీల్డ్ ఎక్కువగా నిలువుగా ఉంటుంది. రెండూ లంబంగా ఉంటే కలవవు. క్యూబ్ అంచుల దగ్గర కొంచెం అడ్డంగా ఉన్న ఫీల్డ్‌తోనే బండి నడవాలి. డై (రంగు) ద్రావణంలో అణువులు ఎటు పడితే అటు తిరిగి ఉంటాయి కాబట్టి వాళ్లకు వచ్చిన పర్సెల్ నంబర్లు చూసి మేం ఆశపడకూడదు.

ఇంకొకటి, స్తంభాల మీద పొర పరిస్తే అది సాగుతుంది, పీక్ ఎరుపు వైపు జరుగుతుంది. మెటల్ నుంచి ఎలక్ట్రాన్లు వస్తే ట్రయాన్ (అదనపు ఎలక్ట్రాన్ అంటుకున్న ఎక్సైటాన్) పెరిగి మళ్లీ పీక్ జరుగుతుంది. చాలామంది దీన్ని "ప్లాస్మాన్‌తో వేవ్‌లెంగ్త్ ట్యూన్ చేశాం" అని రాసేస్తారు. తెల్లనివన్నీ పాలు కావు.

కొత్త_పీహెచ్‌డీ
మరి పేపర్లలో వేల రెట్లు అంటారు కదా, అవి అబద్ధాలా?

తొలిఫోటాన్
అబద్ధం కాదు, కింద గీసిన గీత ఎక్కడుందో చూడాలి. మొదట ఎంత మసకగా ఉంటే అంత పెద్ద నంబర్ వస్తుంది. క్వాంటం యీల్డ్ 100 శాతం దాటదు. మొదట 90 శాతం ఉంటే ఎంత గొప్ప యాంటెన్నా (వెలుగును కూడగట్టే నానో మెటల్ ముక్క) పెట్టినా ఆ పద్దులో వచ్చేది 1.1 రెట్లు. మొదట 1 శాతం ఉంటే 100 రెట్లకు చోటుంది. 2009లో కింఖాబ్‌వాలా బృందం బంగారు బౌటై యాంటెన్నాతో ఒక్క అణువుకు 1340 రెట్లు చూపించింది. ఆ డై క్వాంటం యీల్డ్ 2.5 శాతం. అంటే ఆ పద్దు మీద గరిష్ఠంగా 40 రెట్లు. మిగతాదంతా సందులో పంప్ ఫీల్డ్ పెరగడం వల్ల వచ్చిందే.

రెండో కిటుకు ఏరియా. లేజర్ స్పాట్ 1 మైక్రాన్ వ్యాసం, క్యూబ్ పక్క 75 నానోమీటర్లు అనుకోండి. స్పాట్‌లో క్యూబ్ వాటా సుమారు 140వ వంతు. డిటెక్టర్‌లో మీరు చూసింది రెట్టింపు వెలుగు మాత్రమే. పెరిగిందంతా క్యూబ్ కిందినుంచే వచ్చిందని భాగిస్తే కాగితం మీద 140 రెట్లు. ఆ భాగహారం తప్పు కాదు, యాంటెన్నా గురించి తెలుసుకోవాలంటే అదే అడగాలి. కానీ ఆ నంబర్ చూసి ఎల్ఈడీ 140 రెట్లు మెరుస్తుందనుకుంటే మనదే పొరపాటు.

సిమ్యులేషన్_సింగం
+1. అబ్‌స్ట్రాక్ట్‌లో మాత్రం 140 ఒక్కటే ఉంటుంది.

రేటు_సమీకరణం
తొలిఫోటాన్‌తో ఒక చోట విభేదిస్తాను. "90 శాతం ఉంటే లాభం లేదు" అన్నది పంప్ తక్కువగా ఉన్నప్పుడే. పంప్ బాగా పెంచి ఎమిటర్‌ను సాచురేట్ చేస్తే (ఇక తీసుకోలేనంత నింపితే), సెకనుకు ఎన్ని ఫోటాన్లన్నది రేడియేటివ్ రేటే నిర్ణయిస్తుంది. అక్కడ పర్సెల్ నేరుగా డబ్బులిచ్చినట్టే. సింగిల్ ఫోటాన్ సోర్స్‌ల వాళ్లు వెంటపడేది దీని కోసమే.

తొలిఫోటాన్
ఒప్పుకుంటున్నాను. ఎల్ఈడీ దృష్టితో మాట్లాడాను.

వెండిపూత
ఎల్ఈడీలోనూ వేగం పనికొస్తుంది కదా. వెలుగుతో డేటా పంపాలంటే ఎంత వేగంగా ఆర్పి వెలిగించగలమన్నది లైఫ్‌టైమ్ మీదే ఉంటుంది. మసకబారినా సరే వేగం కావాలనుకునే వాళ్లున్నారు. అందుకే @నీలి_ఎల్ఈడీ, నీకేం కావాలో ముందు తేల్చుకో. వెలుగా, వేగమా?

నీలి_ఎల్ఈడీ
గైడ్ గారికి రెండూ కావాలి. నిన్నటికే కావాలి.

కొత్త_పీహెచ్‌డీ
ఒక డౌట్. వేగమే కావాలంటే మెటల్ ఎందుకు? ఫోటానిక్ క్రిస్టల్ క్యావిటీలో క్యూ (వెలుగును ఎంతసేపు పట్టి ఉంచుతుందో చెప్పే అంకె) వేలల్లో ఉంటుంది, వెండి ప్లాస్మాన్‌కు పదో ఇరవయ్యో.

సిమ్యులేషన్_సింగం
పర్సెల్ ఫ్యాక్టర్‌లో క్యూ పైన ఉంటుంది, మోడ్ వాల్యూమ్ (వెలుగు ఇరుక్కునే చోటు పరిమాణం) కింద ఉంటుంది. మెటల్‌కు క్యూ దిగదుడుపే, కానీ వాల్యూమ్ అంతకంటే చిన్నది. పైగా రూమ్ టెంపరేచర్‌లో ఈ క్వాంటం వెల్ స్పెక్ట్రం వెడల్పు 20 నానోమీటర్ల పైమాటే. వేల క్యూ ఉన్న క్యావిటీ ఆ వెడల్పులో సన్నని ముక్కను మాత్రమే పట్టుకుంటుంది, మిగతాదానికి లాభం లేదు. ప్లాస్మాన్ లైన్ తానే వెడల్పు కాబట్టి మొత్తం స్పెక్ట్రంతో కలుస్తుంది. చల్లబరిచిన క్వాంటం డాట్ అయితే లైన్ సన్నగా ఉంటుంది, అప్పుడు మీ క్రిస్టలే గెలుస్తుంది.

ఆప్టిక్స్_తాతయ్య
సింగం మొదటిసారి సిమ్యులేషన్ అన్న మాట లేకుండా పోస్ట్ పెట్టాడు.

సిమ్యులేషన్_సింగం
సిమ్యులేట్ చేసే పెట్టాను తాతయ్య గారూ.

లిఫ్టాఫ్_లక్ష్మి
సిమ్యులేషన్‌లో వెండి నల్లబడదు, అంచులు గుండ్రం కావు, అంటుకోవడానికి క్రోమియం అక్కర్లేదు. అంతా ముద్దుగా ఉంటుంది. నిజంగా లితోగ్రఫీతో చేసేటప్పుడు 2 నానోమీటర్ల క్రోమియమో టైటానియమో కింద వేస్తే చాలు, ప్లాస్మాన్ పీక్ వెడల్పయిపోయి నీరసంగా అయిపోతుంది. అది ఎమిటర్ వైపే, అంటే ఫీల్డ్ గట్టిగా ఉండే వైపే కూర్చుంటుంది మరి. వీలైతే ఆ పొర లేకుండా చేయండి. కొన్ని యాంటెన్నాలు లిఫ్టాఫ్‌లో (అక్కర్లేని మెటల్‌ను రెసిస్ట్‌తో పాటు కడిగేసేటప్పుడు) ఊడిపోతే పోనీ.

ఒంటిపొర
@నీలి_ఎల్ఈడీ నైట్రైడ్‌లో ఇంకో సంగతి ఉంటుంది కదా? మెటల్ తగిలితే బ్యాండ్ వంగుతుంది, వెల్‌లో ఉన్న ఫీల్డ్ మారుతుంది. మీ వెల్‌లో పోలరైజేషన్ ఫీల్డ్ (స్ఫటికం తనలోనే పుట్టించే విద్యుత్ క్షేత్రం) ముందే ఎక్కువ. అది మారితే ఎలక్ట్రాన్, హోల్ దగ్గరో దూరమో జరుగుతాయి, లైఫ్‌టైమూ మారుతుంది, పీకూ జరుగుతుంది. ప్లాస్మాన్ లేకుండానే.

రేటు_సమీకరణం
బాగా పట్టావు. పీక్ జరిగిందో లేదో చూడాలి. పంప్ పవర్ మార్చుతూ రెండు ముక్కల్లోనూ లైఫ్‌టైమ్ తీస్తే ఇంకా మంచిది.

నీలి_ఎల్ఈడీ
చేసొచ్చాను. లక్ష్మి గారు చెప్పినట్టు అయొడిన్ ద్రావణంలో బంగారం కరిగించాం. ఊదారంగు మెరుపు పోయి ముక్క మళ్లీ అద్దంలా తేటగా అయింది. పీఎల్ దాదాపు పాత స్థాయికి వచ్చింది, పూర్తిగా కాదు. లైఫ్‌టైమూ వెనక్కి వచ్చింది. అంటే వెల్‌కు తగిలిన దెబ్బ తక్కువే.

ఇంకో ముక్క వెనక వైపు పాలిష్ చేయించి సఫైర్ గుండా కొలిచాను. వెలుగు తగ్గుదల ఉంది కానీ పైనుంచి కొలిచినంత లేదు. పీక్ కొంచెం కూడా కదల్లేదు.

లిఫ్టాఫ్_లక్ష్మి
అంటే నీడ కొంత, నిజమైన క్వెంచింగ్ కొంత. సింగం సగం గెలిచాడు, నేను సగం గెలిచాను. స్పటరింగ్ మీద నేను వేసిన పందెం పోయింది, పర్లేదు.

సిమ్యులేషన్_సింగం
సగం కాదు, ముప్పావు.

తొలిఫోటాన్
ఇప్పుడు బంగారంతో చేసిందే కంట్రోల్ శాంపిల్‌గా పెట్టుకో. ఇదే వేఫర్ పక్క ముక్క మీద వెండి వెయ్యి. గాలియం నైట్రైడ్ మీద వెండి సర్ఫేస్ ప్లాస్మాన్ శక్తి 2.8 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర, 440 నానోమీటర్ల ప్రాంతం. మీ 460 దానికి కాస్త కింద ఉంది, మంచి చోటే. బంగారం ముక్కలో లైఫ్‌టైమ్ తగ్గి వెలుగు తగ్గడం, వెండి ముక్కలో లైఫ్‌టైమ్ తగ్గి వెలుగు పెరగడం పక్కపక్కన చూపిస్తే, రేటు_సమీకరణం రాసిన లెక్కకు అదే ప్రయోగం. మీ సీనియర్‌కు పేపరూ దక్కుతుంది.

నీలి_ఎల్ఈడీ
ఆయనకు ఈ థ్రెడ్ లింక్ పంపాను. "అయితే టైటిల్ మార్చు" అన్నాడంతే.

వెండిపూత
వెండికి జాగ్రత్తలు రాస్తున్నా. స్పటర్ వద్దు, వీలైతే ఇవాపొరేషన్. వేడి చేసి దీవులు చేసేటప్పుడు ఫిల్మ్ మందం చూసుకో, మందం పెరిగితే దీవులు పెద్దవై ప్లాస్మాన్ ఎరుపు వైపు జరుగుతుంది. ముందు ఉత్త సఫైర్ మీద అదే మందంలో వేసి ఎక్స్‌టింక్షన్ స్పెక్ట్రం (ఏ వేవ్‌లెంగ్త్‌లో ఎంత వెలుగు ఆగుతుందో) తీసుకో. ఆ పీక్ ఎక్కడుందో చూశాకే అసలు వేఫర్ ముట్టుకో. సఫైర్ కంటే గాలియం నైట్రైడ్ ఇండెక్స్ ఎక్కువ కాబట్టి అసలు శాంపిల్‌లో పీక్ ఇంకా ఎరుపుకు జరుగుతుందని ముందే లెక్కలో వేసుకో. ఛాంబర్ నుంచి తీశాక గాల్లో వదిలేయకు, గాల్లో ఉండే సల్ఫర్‌తో పైన వెండి సల్ఫైడ్ పొర కడుతుంది. కొన్ని నానోమీటర్ల అల్యూమినా కప్పితే ఆగుతుంది. ఆ అల్యూమినా వల్ల కూడా పీక్ జరుగుతుంది, కాబట్టి కప్పాక ఇంకోసారి స్పెక్ట్రం తీయి.

కొత్త_పీహెచ్‌డీ
చివరి డౌట్, ప్రామిస్. డీకే కర్వ్ (వెలుగు ఆరిపోయే గ్రాఫ్) ఒక్క ఎక్స్‌పొనెన్షియల్‌తో సరిపోవట్లేదు. రెండు పెడితే సరిపోతోంది. ఏ లైఫ్‌టైమ్ రాయాలి?

రేటు_సమీకరణం
దీవుల కింద ఉన్న వెల్, దీవుల మధ్య ఖాళీ కింద ఉన్న వెల్ రెండూ స్పాట్‌లో ఉన్నాయి. ఒక్కటి సరిపోతేనే ఆశ్చర్యపోవాలి. రెండు టైములూ, వాటి వాటాలూ రాయి, సగటు ఒక్కటే రాయకు. వేగంగా పడే భాగం డిటెక్టర్ సొంత స్పందన వెడల్పుకు దగ్గరగా ఉంటే ముందు డిటెక్టర్ స్పందనను డీకన్వల్యూట్ చెయ్ (లెక్కతో విడదీసెయ్). లేకపోతే డిటెక్టర్ లైఫ్‌టైమ్‌నే వెల్ లైఫ్‌టైమ్ అని రాసుకుంటావు.

లిఫ్టాఫ్_లక్ష్మి
దీవులు ఎంత శాతం కప్పాయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో తీసిన ఫోటో ఉందా? ఆ శాతమూ, వేగంగా పడే భాగం వాటా దగ్గరగా వస్తున్నాయేమో చూడు.

నీలి_ఎల్ఈడీ
ఫోటోలు ఉన్నాయి. మైక్రోస్కోప్ స్లాట్ వచ్చే వారం ఉంది, వెండి ముక్క కూడా తీసి రెండూ కలిపి ఇక్కడే పెడతాను.